ఖాళీ కుర్చీకి పక్కవాద్యం

రాష్ట్ర సుస్వర మండలి వారి ఆస్థాన వాద్యబృందం సెలవుదినాలు మినహాయించి రోజూ పొద్దున్నే కచేరీకి కూర్చుంటుంది. వయొలిన్ విద్వాంసుడు కమానుకి రజను పూస్తాడు. మృదంగం అప్పన్న గట్టు మీద నాలుగు దెబ్బలు కొట్టి శ్రుతి చూసుకుంటాడు. తంబురా ఆవిడ తీగలు సవరించుకుంటుంది. గిటారు జెకర్యా మెడలో పట్టీ తగిలించుకుంటాడు. అప్పుడందరూ మధ్యలో వేసిన పెద్ద కుర్చీ వైపు తిరుగుతారు. అందులో ఎవరూ ఉండరు. భోజనాల వేళ దాకా అలాగే కూర్చుని, కుర్చీకి ఒక నమస్కారం పెట్టి లేస్తారు.

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ప్రధాన గాయకుడు పదవీ విరమణ చేశాక ఆ పోస్టులోకి కొత్త గాయకుణ్ణి తీసుకోలేదు. గాయకుడు లేకుండా వాయించకూడదని పద్నాలుగో నిబంధన చెబుతోంది. దానికో చరిత్ర ఉంది. మండలి పుట్టిన కొత్తలో ఒక ఘటం విద్వాంసుడు, పాడే ఆయన మంచినీళ్ళకని లేచి వెళ్ళాక కూడా ఆపకుండా వాయించాడట. ముందు వరుసలో ఉన్న మంత్రిగారు ఎక్కడ చప్పట్లు కొట్టి లేవాలో తెలియక, మర్యాద కొద్దీ కదలకుండా కూర్చుని విమానం పోగొట్టుకున్నారు. మర్నాడే నిబంధన తయారైంది: "పక్కవాద్యకారుడు ప్రధాన కళాకారుని లేమియందు వాద్యమును మ్రోగింపరాదు. నోరు ఎన్నడును విప్పరాదు." వయొలిన్ విద్వాంసుడు ఒకసారి ఆవులించి రెండో వాక్యం కింద హెచ్చరిక అందుకున్నాడు. అప్పటినుంచి ఆయన ఆవులింతని ముక్కుతోనే కానిచ్చేస్తాడు.

ఇలాంటి చోట కోరాడ జెకర్యాకి సొంత ఆల్బమ్ చెయ్యాలన్న బుద్ధి పుట్టడమే ఈ కథ.

మండలికి ఒకప్పుడు ఆధునికత మీద మోజు కలిగింది. ఆ మోజు ఒక్క ఆర్థిక సంవత్సరం ఉండి పోయింది. ఆ ఏడాది వేసిన గిటారు పోస్టు మాత్రం పోలేదు, అందులో చేరిన జెకర్యా కూడా పోలేదు. ఉద్యోగానికి ముందూ, ఉద్యోగంలో చేరాక సెలవుల్లోనూ విశాఖపట్నంలో ఆయన గిటారు వాయించని చోటు లేదు. పెళ్ళి ఆర్కెస్ట్రాలు, చర్చి కూటాలు, సినిమా రికార్డింగులు, పోర్టు క్లబ్బులో డిసెంబరు డాన్సులు. ఎక్కడైనా ఆయన చోటు ఒకటే. స్టేజీ చివర, ఎడమ చెవి డ్రమ్ముల వాడి ఇత్తడి పళ్ళేలకి తగిలేంత దగ్గర. ఫొటోల్లో ఆయన మోచెయ్యి బాగా పడేది. పేరు మోసిన గాయకుడొకాయన తన పాటల ప్రయాణం మీద వేయించుకున్న పుస్తకంలో జెకర్యా మోచెయ్యి చాలా పేజీల్లో ఉంది. ముఖం ఒక్కచోట సగం వచ్చింది, మిగతా సగాన్ని మైకు స్టాండు మింగేసింది.

ఆ పళ్ళేల పుణ్యమా అని ఎడమ చెవి వినికిడి దాదాపు పోయింది. కుడి చెవి కూడా అదే దారి పట్టిందని, ఇంకో ఏడాది రెండేళ్ళు గట్టిగా వినిపిస్తే గొప్పేనని డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఇతరుల పాటలు వింటూ వాయించిన మనిషికి, చెవులు మూతపడేలోగా తన పాట తాను పాడుకుని వినాలనిపించింది. అదీ ఇంట్లో కాదు, స్టేజీ మధ్యలో నిలబడి, ఎదురుగా జనం ఉండగా. ఆయన కోరిక ఇంతే. ఇందులో ప్రభుత్వానికి నష్టమేమిటో నాకిప్పటికీ తెలియదు.

పాటలు ఆయనే రాసుకున్నాడు, ఆయనే పాడాడు. అప్పన్న మృదంగం పక్కనబెట్టి డ్రమ్ములు వాయించాడు. పోర్టు క్రేన్ల మీద ఒక పాట, ఉప్పుగాలికి తుప్పు పట్టే సైకిలు మీద ఒకటి, ఇలా తొమ్మిది. కోపమొచ్చిన మనిషి మంచి రాగంలో తిడితే ఎలా ఉంటుందో ఆ సంగీతం అలా ఉంటుంది. గిటారు గరగరలాడుతూ మీదికొస్తుంది, పల్లవి దగ్గరికొచ్చేసరికి మనకి తెలియకుండానే గొంతు కలిపేస్తాం. ఆల్బమ్‌కి 'లంగరెత్తు' అని పేరు పెట్టుకున్నాడు.

మొదటిసారి ఇంట్లో పెట్టి వినిపించినప్పుడు ఆయన భార్య రాహేలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవులు పాడినారిది?"

"నేనే."

"నువ్వా? మరి ఇన్నాళ్ళూ ఈ గొంతుకెక్కడ దాసీసావు?"

జెకర్యా సిగ్గుపడ్డాడు. రాహేలు అక్కడే కుర్చీ లాక్కుని తొమ్మిది పాటలూ విని, పొయ్యి మీది పప్పు మాడిన సంగతి పదో పాట కోసం చూస్తుండగా గుర్తు తెచ్చుకుంది.

ప్రభుత్వోద్యోగి సొంతంగా ఏం విడుదల చెయ్యాలన్నా అభ్యంతరం లేదని పై నుంచి రాయించుకోవాలి. రాయించుకోకపోతే పింఛనుకి ముప్పు. అందుకని జెకర్యా సంచాలకుల గదికి వెళ్ళాడు.

సంచాలకులు వేమకోటి పరాంకుశం గారు అంతకుముందు తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. సంగీత శాఖకి వచ్చాక ఆయన భాష మారింది కానీ చూపు మారలేదు. ఎదుటివాణ్ణి కాటాలో వేసినట్టు చూస్తారు.

"ఏమిది?"

"పాటలండి. నా సొంత ఆల్బమ్. మెలోడిక్ హార్డ్ రాక్ అంటారండి. సోలో."

"అధికార భాషయందు వ్రాయుదము." పరాంకుశం గారు కలం తీసి, ఆలోచించి, "మధుర కఠిన శిలా సంగీతము" అని రాసుకున్నారు. జెకర్యాకి జైల్లో రాళ్ళు కొట్టే శిక్ష గుర్తొచ్చింది. మొదటి పాట పెట్టారు. గిటారు అందుకోగానే పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపించారు.

"ఈ గరగర యేమి? వాద్యము చెడియున్నది."

"చెడలేదండి. దాన్ని డిస్టార్షనంటారు. కావాలని పెట్టిందే."

"కావలెనని చెడగొట్టితిరా?"

"గిటారు నా సొంతదండి."

"వాద్యము సొంతదే. చెడగొట్టినవాడు ప్రభుత్వోద్యోగి గదా."

గరగర మీద సాంకేతిక కమిటీ వేశారు. కమిటీ రెండుసార్లు సమావేశమై, టీ తాగి, గరగర ఉద్దేశపూర్వకమేననీ, వాద్యానికి ప్రాణాపాయం లేదనీ తేల్చింది. పరాంకుశం గారిలోని పాత శాఖ ఊరుకోలేదు. పాట ఒక్కింటికి గరగర నలభై శాతం మించరాదని, మించినచో మిగిలిన దానిని తరువాతి పాటకు సర్దుబాటు చేయవలెనని ఉత్తర్వు వేశారు. దాన్ని కొలిచే యంత్రం లేదు. కొనడానికి ఇంకో కమిటీ పడింది.

తర్వాత పేరు దగ్గర చిక్కొచ్చింది.

"లంగరెత్తు అనగా నేమి? అనుమతి లేక కేంద్రస్థానము విడిచిపొమ్మని ఉద్యోగులను ప్రేరేపించుటయే గదా!"

"ఓడ గురించండి."

"ఓడకైనను హార్బరు వారి అనుమతి యుండవలెను." పరాంకుశం గారు స్వహస్తాలతో పేరు దిద్దారు. ఆల్బమ్ 'అనుమతితో లంగరెత్తు' అయింది.

జెకర్యా దాన్నీ మింగాడు. కానీ అసలు గండం ఇంకా ముందుంది. పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలి, చాలా దయగా అన్నారు.

"ఇక సోలో యను మాట. మీరు పక్కవాద్యకారులు. ప్రధాన కళాకారుడు లేక పక్కవాద్యకారుడు సోలో చేయుట యనగా, గోడ లేకయే సున్నము వేయుదుననుట. శాఖాపరముగా అసంభవము."

"పాడింది కూడా నేనేనండి."

"ఈ మాట నేను వినలేదు. నోరు ఎన్నడును విప్పరాదని నిబంధన. మీరు విప్పినట్లు నేను విన్నచో చర్య తీసుకొనవలసి యుండును. ఒక ప్రధాన గాయకుని తెచ్చుకొనుడు. ఆయనకు పక్కవాద్యముగా మీ సోలోను నిరభ్యంతరముగా చేసికొనుడు."

జెకర్యా బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. సముద్రం వంద గజాల్లోనే ఉంది. శబ్దం లోపలికి రాకుండా ఆ భవనం కిటికీలన్నీ మేకులు కొట్టి బిగించారు. ఆయన కుడి చెవి కిటికీకి ఆనించి కాసేపు ప్రయత్నించి, తన చెవి లోపమో కిటికీ గొప్పదనమో తేల్చుకోలేక వదిలేశాడు.

వెనకనుంచి సూపరింటెండెంట్ సత్యవేణి పిలిచింది. ఆ ఆఫీసులో ఫైలుని చివరి కాగితం దాకా చదివే దురలవాటు ఆవిడ ఒక్కదానికే ఉంది.

"ప్రధాన గాయకుడు లేడని ఎవరన్నారు మాస్టారూ? మీ హాజరు మీద నెలనెలా సంతకం ఎవరు పెడతన్నారనుకున్నారు?"

"ఎవరమ్మా?"

"ఎదర ఆఫీసులో మత్స్యశాఖ సహాయ సంచాలకులు లేరా, ఉమాకాంతం గారు. ఆయనే. అదనపు బాధ్యత ఇచ్చీసారు."

సంగతేమిటంటే, గాయకుడి పోస్టు ఖాళీ అయినప్పుడు అదే హోదాలో ఉన్న మరో అధికారికి బాధ్యత అప్పగించమని పై నుంచి ఆదేశం వచ్చింది. హోదా సరిపోయినవాడు ఎదురు ఆఫీసులోనే దొరికాడు. శాఖ సంగతి ఎవరూ అడగలేదు. అలా బయ్యవరపు ఉమాకాంతం గారు మూడేళ్ళుగా చేపపిల్లల సరఫరా చూసుకుంటూనే రాష్ట్రానికి ప్రధాన గాయకుడిగా ఉన్నారు.

ఆయన మంచివాడు. గోదావరి జిల్లా మనిషి. జెకర్యా చెప్పిందంతా విని హడలిపోయాడు.

"నాకు పాడ్డం ఎక్కడొచ్చండీ బాబూ! ఆమధ్య వేట నిషేధం గురించి జీపులో మైకు పట్టుకుని చెప్పాను. జనం ముందు నా గొంతు లేవడం అంతేనండి."

"మీరు పాడక్కర్లేదు సార్," అంది సత్యవేణి. "కచేరీ నడుమ గాయకుడు పక్కవాద్యాలకి వదిలీసి, తాను తాళం వేసుకుంటా కూర్చుంటాడు సూడండి, తని ఆవర్తనం. అది ఎంతసేపుండాలో మన నిబంధనల్లో ఎక్కడా రాయలేదు. మీరు 'శ్రీ' అని తనికి వదిలీయండి. మాస్టారి తొమ్మిది పాటలూ అందులోనే అయిపోతాయి. ఆఖర్న మీరు నమస్కారం పెట్టీండి."

"తాళం కూడా నేనే వెయ్యాలాండీ?"

"మోకాలి మీద చెయ్యి ఆడించండి సార్, చాలు. తప్పయినా ఎవరికీ తెలీదు."

ఈ ఏర్పాటుకి పరాంకుశం గారు ఎంతో సంతోషించారు. పాట విషయంలో మాత్రం లొంగలేదు. తనిలో మృదంగం వాళ్ళు నోటితో జతులు చెబుతారు కదా, ఆ లెక్కన జెకర్యాని పాడనివ్వమని సత్యవేణి అడిగింది. ఆయన ఆ పాటల సాహిత్యం తెప్పించుకుని పూర్తిగా చదివి, విచారంగా తల ఊపారు.

"జతికి అర్థముండదు. కావున నోరు విప్పినట్లు కాదు. ఈ పాటలకు అర్థమున్నది. అనుమతింప వీలులేదు."

కాబట్టి వేదిక మీద గిటారు మాత్రమే మోగుతుంది. ఆల్బమ్ మీద 'గాత్రం: బయ్యవరపు ఉమాకాంతం' అని పడుతుంది. కింద చిన్న అక్షరాల్లో 'గిటారు సహకారం: కె. జెకర్యా'. అట్ట మీద ఫొటో ప్రధాన గాయకుడిది. ఉమాకాంతం గారికి విడిగా ఫొటో లేకపోవడంతో, రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి తీయించుకున్నదే వేశారు. వెనకాల నీళ్ళున్నాయి కనక లంగరుకి సరిపోతుందని కమిటీ అభిప్రాయపడింది.

ఆ అట్ట ఇంటికి తెచ్చి చూపించిన రోజు రాహేలు కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీ గొంతుకి ఆయన పేరేటి? నువ్వు ఒప్పుకున్నావా?"

"ముందు బయటికి రానీ రాహేలూ. చెవి ఆగేలా లేదు."

"చెవి పోతే పోయింది. ఉన్న నోరు కూడా ఇచ్చీసి వొచ్చావు."

ఆ మాట ఎడమ వైపునుంచే అన్నా జెకర్యాకి బాగా వినబడింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. మొదటి రోజు ఉమాకాంతం గారు వణుకుతూ 'శ్రీ' అన్నాడు. మూడో రోజుకి వణుకు పోయింది. వారం తిరిగేసరికి మెడకి మఫ్లరు వచ్చింది, జేబులో కరక్కాయ ముక్క వచ్చింది. ఆయనకోసం ఏసీ ఆపించారు. చేపపిల్లల ఫైలు పట్టుకొచ్చిన గుమాస్తాతో "గొంతు విశ్రాంతిలో ఉందయ్యా" అని సైగ చేసి చెప్పాడు. అధికారం మనిషిని పాడు చేస్తుందని విన్నాం కానీ, కళ ఇంత త్వరగా పాడు చెయ్యగలదని నేననుకోలేదు. ఆఖరి రిహార్సల్లో ఆయన చెయ్యెత్తి గిటారు ఆపించాడు.

"జెకర్యా గారూ, సౌండు కొంచెం తగ్గించుకోండి. నేను ఊరుకున్నది జనానికి అందట్లేదండి."

జెకర్యా తగ్గించాడు. జన్మంతా తగ్గించిన చెయ్యి అది, అడగ్గానే తిరిగింది.

విడుదల కచేరీ మండలి వారి సొంత ఆడిటోరియంలో పెట్టారు. కఠిన శిలా సంగీతమంటే ఏమిటో చూద్దామని కాలేజీ పిల్లలొచ్చారు. జెకర్యాతో వాయించిన పాత ఆర్కెస్ట్రా వాళ్ళందరూ జుట్టుకి రంగు వేసుకుని వచ్చారు. ఎందుకొచ్చారో తెలియని ఉద్యోగులకి హాజరు తప్పనిసరి. రాహేలు ముందు వరుసలో కూర్చుంది.

తెర ఇంకా లేవలేదు. ఉమాకాంతం గారు కరక్కాయ బుగ్గన పెట్టుకుంటుండగా ఆయన ఫోను మోగింది. భీమవరం బదిలీ. తక్షణమే బాధ్యతలు అప్పగించవలెను. ఆయన నిలబడ్డచోటే మఫ్లరు తీసేశాడు. ముఖంలో ఎంత తేలిక కనబడిందంటే, ఆ మఫ్లరు మెడకి ఎవరో బలవంతంగా కట్టారేమో అనిపించింది.

"అయిపోయిందండి. నేనిప్పుడు ఉత్త చేపల వాణ్ణి," అని జెకర్యా చేతులు పట్టుకుని, "మీ పాటలు మీరే పాడుకోవల్సిందండి. నేను మధ్యలో వచ్చి ఏదేదో చేశాను, ఏమనుకోకండి," అని చెప్పి, కిందికి దిగి జనంలో కూర్చున్నాడు.

పరాంకుశం గారికి చిక్కొచ్చి పడింది. ప్రధాన కళాకారుడు లేడు. కచేరీ ఆపితే ముందు వరుసలో కూర్చున్న ముఖ్య అతిథికి చెప్పుకోవాలి. జరిపితే నిబంధనకి చెప్పుకోవాలి. ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"అధికారి బదిలీ యగును. ఆసనమునకు బదిలీ యున్నదా?"

"లేదు సార్," అంది సత్యవేణి.

"ఈ మూడేండ్లును బృందము ఎవరికి నమస్కరించుచున్నది?"

"కుర్చీకే సార్."

"చాలును."

మండలి హాల్లోంచి పెద్ద కుర్చీని మోయించుకొచ్చి వేదిక మధ్యలో వేశారు. దాని ఎదుట గాత్రం మైకు సరైన ఎత్తులో బిగించారు. ముఖ్య అతిథి వచ్చి ఆ కుర్చీకి శాలువా కప్పి, దాని రెండు చేతులకీ మధ్య పూలగుత్తి ఇరికించారు. పరాంకుశం గారు మైకందుకున్నారు.

"రసజ్ఞులారా! వ్యక్తులు వత్తురు, పోదురు. గానము శాశ్వతము, ఆసనము శాశ్వతము. నేడు మన ప్రధాన ఆసనము మధుర కఠిన శిలా సంగీతమును వినిపించును. ఆసనము పాడుచున్నట్లు భావన చేసికొని ఆనందింపుడు. గిటారుపై సహకరించువారు..." ఆయన చీటీ చూసుకున్నారు. "సహకారము కలదు."

జెకర్యా తన చోట, డ్రమ్ముల పక్కన నిలబడి ఉన్నాడు. ఎడమ చెవి పళ్ళేల వైపు. పేరు చెప్పలేదన్న బాధ లేదు, అది అలవాటే. కానీ ఇన్నేళ్ళూ మధ్యలో ఒక మనిషైనా ఉండేవాడు. రాగం తప్పినవాడో, తాగి వచ్చినవాడో, మనిషి. జెకర్యా వాళ్ళ తప్పులు కూడా తన వేళ్ళతో కప్పిపెట్టాడు. ఇవాళ కట్టెకి, రెక్సిన్‌కి పక్కవాద్యం వాయించాలి.

మొదటి పాట మొదలుపెట్టాడు. అప్పన్న డ్రమ్ములు అందుకున్నాడు. గరగర నలభై దాటలేదు. పాట పల్లవి దగ్గరికొచ్చింది, అక్కడ మాటలుండాలి. మాటలకి వదిలిన చోటులో గిటారు ఆగి, హాలంతా నిశ్శబ్దమై, అందరూ కుర్చీ వైపు చూశారు. కుర్చీ బాగానే ఉంది. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని తల ఊపారు. ఉద్యోగులు కూడా ఊపారు. రెండో వరసలో ఒకాయన "భేష్" అన్నాడు.

రెండో పాటలోనూ అంతే. మూడో పాట సైకిలు పాట. పల్లవి చోటు రాగానే, ఇప్పటికి బాధ్యతలేమీ లేని ఉమాకాంతం గారు జనంలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆ గొంతు మీదేనండీ జెకర్యా గారూ! పాడండి!"

ముందు వరుసలో రాహేలు వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. మళ్ళీ ముందుకి తిరిగి ఒక్క మాటే అంది. "పాడు."

జెకర్యా గిటారుని వీపు వెనక్కి తోసుకుని మధ్యలోకి నడిచాడు. కుర్చీని రెండు చేతులా లేపాడు. బరువుగానే ఉంది. శాలువాతో సహా, పూలగుత్తితో సహా మోసుకెళ్ళి తన చోట, ఇత్తడి పళ్ళేల పక్కన, మర్యాదగా దింపాడు. తిరిగొచ్చి మైకు ఎత్తు తనకి సరిపోయేలా పెంచుకుని, గిటారుని ముందుకి లాక్కుని, దాని మీది మీట తిప్పి గరగర మొత్తం పెట్టేశాడు. వంద శాతం.

అప్పుడు పాడాడు. మొదటి పాటనుంచి మళ్ళీ. గొంతు మొదట్లో కొంచెం బొంగురుపోయింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి కాలేజీ పిల్లలు నేర్చేసుకున్నారు. ఆర్కెస్ట్రా ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. వయొలిన్ విద్వాంసుడు వింగులోంచి నోరు పూర్తిగా తెరిచి అరిచాడు. ఎడమవైపు జనం అరుపు జెకర్యాకి అందలేదు. కుడివైపుది అందింది, తన గొంతు దాని మీద తేలుతూ అందింది. స్టేజీ మధ్యలో శబ్దం ఇలా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు. పళ్ళేల మోత ఇక్కడికి ఇంత చిన్నగా వస్తుందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తొమ్మిది పాటలూ అయ్యేదాకా పరాంకుశం గారు కళ్ళు తెరవలేదు. తెరిస్తే చర్య తీసుకోవాలి, ముఖ్య అతిథి చూస్తే చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు మండలి పత్రికా ప్రకటన విడుదల చేసింది. ప్రధాన కళాకారుడు తప్ప వేరెవరూ నోరు విప్పడానికి నిబంధన ఒప్పుకోదు కనుక, ఆ సాయంత్రం వినబడ్డ గానమంతా ప్రధాన ఆసనానిదేనని తేలింది. "ఆసనము తన మధుర గంభీర గాత్రముతో సభను ఉర్రూతలూపినది" అని రాశారు. ఆ నెలాఖరులో కుర్చీకి ఉత్తమ గాయక పురస్కారం వచ్చింది. ఉగాది సత్కారాలకి దాన్ని ఢిల్లీ పంపాలా, ప్రయాణ భత్యం ఏ హోదాలో ఇవ్వాలి అన్న విషయం ఆర్థిక శాఖ దగ్గర ఉంది.

జెకర్యాకి మెమో వచ్చింది. సత్యవేణి దాన్ని తపాలాకి వెయ్యకుండా తానే ఇంటికి తెచ్చి ఇచ్చింది. ముసాయిదా కూడా ఆవిడదే. ఇంత ఇష్టంగా తానెప్పుడూ మెమో రాయలేదని, సంచాలకులు ఒక్క అక్షరం కూడా మార్చకుండా సంతకం పెట్టారని చెప్పింది.

జెకర్యా కళ్ళజోడు కోసం వెతుక్కుంటుంటే రాహేలే కాగితం అందుకుని, ఆయన కుడి చెవి దగ్గరికొచ్చి గట్టిగా చదివింది.

"సదరు కచేరీయందు, వేదిక పక్కన గిటారు పక్కవాద్యకారునకు కేటాయింపబడిన స్థానమున శ్రీ కోరాడ జెకర్యా లేకుండెను. ఆ స్థానమున ఒక కుర్చీ మాత్రమే కానవచ్చినది. మూడవ పాట మొదలు కచేరీ ముగియువరకును తాము పక్కన ఎందులకు లేరో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

రాహేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి, ఈసారి తనకోసం, మెల్లగా చదువుకుంది.

"ఏటంటన్నారు వీళ్ళు?" అన్నాడు జెకర్యా.

"ఆ రోజు నువ్వు పక్కన లేవంట."

జెకర్యా కాగితం తీసుకుని, కింద ఆకుపచ్చ సిరాతో ఉన్న సంతకాన్ని, గుండ్రని ముద్రని చాలాసేపు చూశాడు. సంజాయిషీ ఏమని రాయమంటారని సత్యవేణి అడిగింది.

"నిజమేనని రాసీయమ్మా."

సాయంత్రానికి ఫ్రేము కట్టించుకొచ్చారు. ముందుగది గోడ మధ్యలో వాళ్ళ పెళ్ళి ఫొటో ఉంది. దాని పక్కన మేకు కొట్టబోతుంటే రాహేలు జెకర్యా చేతిలోంచి సుత్తి లాక్కుంది. పెళ్ళి ఫొటో తీసి అవతలికి జరిపి, మెమోని గోడకి నడిమధ్యన తగిలించింది.